సూపరింటెండెంట్ అయ్యగారు తెచ్చిన తాళం

నా గొంతు పోయిందన్న సంగతి తెలిసి చాలామంది లోలోపల సంతోషించారు. దవాఖానలో డాక్టరమ్మ సన్నని గొట్టం పెట్టి చూసి, "ఇది గొంతా, రైసుమిల్లు బెల్టా?" అని అడిగింది. ఇక ప్రసంగాలు కట్టిపెట్టమంది. అలా వయసు మీరకముందే నా పాస్టరు ఉద్యోగం ముగిసింది. ఆ వారం మా సంఘంలో ఎవరో కృతజ్ఞతా ప్రార్థన పెట్టించారని చెప్పుకుంటారు. నేను నమ్మను, అలాగని కాదనీ అనలేను.

మాట్లాడే పని పోయింది కనుక రాసే పని పెట్టుకున్నాను. కొత్తగా సేవలోకి వస్తున్న తమ్ముళ్లు, చెల్లెళ్లు నన్ను తరచూ ఒకే మాట అడుగుతారు. "అన్నా, ఏ దేవుడూ వద్దనేవాళ్ల దగ్గరికి ఎట్ల పోవాలె?" దానికి నా దగ్గర జవాబు లేదు. ఒక తాళం కథ మాత్రం ఉంది. నేను చెప్పేవాటిని సగానికి తగ్గించుకుని వినడం మా ఆవిడ పెళ్లైన కొత్తలోనే నేర్చుకుంది. మీరు కూడా అలాగే తగ్గించుకోండి. తాళం సంగతి ఒక్కటి తగ్గించకండి, అది ఉన్నదున్నట్టు.

చేవెళ్ల నుంచి మొయినాబాద్ వచ్చే దారిలో రోడ్డు దిగి లోపలికి పోతే ఆ ఊరు వస్తుంది. నా చివరి పోస్టింగు అక్కడే. రాతి గోడల చిన్న చర్చి, వెనక రేకుల షెడ్డు, పక్కన గంట స్తంభం. ఊళ్లోవాళ్ల తాత ముత్తాతలు కూలికి పోయి వచ్చి, పొద్దుగూకాక రాళ్లు మోసి కట్టుకున్న చర్చి అది. నేను వెళ్లేనాటికి పడుచువాళ్లు పట్నంలోని పెద్ద చర్చిలకు అలవాటుపడ్డారు. కొండకల్ వైపు ఫ్యాక్టరీ పనికి పోయేవాళ్లకు ఆదివారం కూడా డ్యూటీయే. ముందు బెంచీల మీద ముసలమ్మలు, వెనక బెంచీల మీద పావురాలు. నిజం చెప్పాలంటే క్రమం తప్పకుండా వచ్చేవి పావురాలే. ఒక పావురమైతే నా ప్రసంగం రెండో పాయింటు దగ్గరికి వచ్చేసరికి ఠంచనుగా లేచి వెళ్లిపోయేది. దాన్ని చూసే నేను మూడో పాయింటు మానేశాను.

ఈ పరిస్థితుల్లో సూపరింటెండెంట్ అయ్యగారు వచ్చారు. మా ప్రాంతంలోని చర్చిలన్నిటి మీద ఆయనే పెద్ద. మంచి మనిషి, కానీ లెక్క మనిషి. బెంచీలు చూశారు, పావురాలను చూశారు, నన్ను చూశారు.

"ఇట్లయితే నడవదయ్యా. పంటల పండుగ దాక చూస్త. కొత్త కుటుంబాలు చేరితే సరే. లేకుంటే ఆరాధన చేవెళ్లల కలిపేద్దాం. ఇక్కడ తాళమే."

నేను తలూపాను. నాకేం, ఇంకో ఊరికి వేస్తారు. కానీ గంట స్తంభం కింద కూర్చున్న అవ్వ ఆ మాట విన్నది. పెళ్లై ఆ ఊరికి వచ్చిన నాటి నుంచి ఆదివారం గంట కొట్టేది ఆమే. మోకాళ్లు అరిగిపోయాయి, బస్సు మెట్టెక్కలేదు. చేవెళ్లలో ఆరాధన అంటే ఆమెకు అమెరికాలో అన్నట్టే.

"తాళమేస్తే నేనేడికి పోవాలె అయ్యగారూ?" అని అడిగింది నన్ను, ఆయన కారు వెళ్లిపోయాక.

"ఫికర్ చెయ్యకు అవ్వా, నేనున్న గద," అన్నాను.

నేనున్నాననే ధైర్యంతో ఎవరూ బాగుపడిన దాఖలాలు లేవు. ఆమె కూడా ఆ సంగతి తెలిసినట్టే చూసింది నా వైపు.

చర్చికి ఎదురుగా ఒకప్పుడు గులాబీ తోటలుండేవి. ఇప్పుడు అక్కడ పెద్ద వెంచర్ లేచింది. గోడ, గేటు, కెమెరాలు, వరసగా ఒకే రంగు ఇళ్లు. అందులో ఏ గుడికీ, ఏ చర్చికీ, ఏ మసీదుకూ పోనివాళ్లే ఎక్కువమంది ఉన్నారని మా సంఘపెద్ద కనిపెట్టాడు. ఆయన పూలు పండించే రైతు. నోరు పెద్దది, మనసు దానికంటే పెద్దది.

"నేను చూస్తనే ఉన్న అయ్యగారూ. ఆదివారం పొద్దుగాల ఒక్క కారు కదలదు. అందరు పండుకునే ఉంటరు. ఇంత మంచి పొలం ఎవ్వరు దున్నలే."

దున్నడానికి మేము ఎంచుకున్న నాగలి లౌడ్ స్పీకరు. షెడ్డు పైన హారన్ కట్టి, దాని నోరు వెంచర్ వైపు తిప్పి, తెల్లవారకముందే నేను వాక్యం అందుకున్నాను. ఆ రోజుల్లో నా గొంతు ఎలాంటిదంటే, నేను ఇక్కడ ఆమెన్ అంటే చిన్న మంగళారంలో ఫాంహౌస్ కుక్కలు లేచి నిలబడేవి. శంకర్‌పల్లి స్టేషన్లో రైలు ఒకసారి సిగ్నల్ ఇచ్చారనుకుని కదిలిందని కూడా అంటారు. అన్నది నేనే అనుకోండి.

మూడోనాడే ఒకామె గేటు దాటి నేరుగా చర్చికి వచ్చింది. నైట్ ప్యాంటు, చెదిరిన జుట్టు, చేతిలో ఫోను. వయసు ముప్పై దాటి ఉంటుంది. పట్నంలో కంప్యూటర్ కంపెనీలో పని, ఇక్కడ ఒక్కతే ఉంటుందని తర్వాత తెలిసింది. మేమంతా ఆమెను వెంచర్ మేడం అనేవాళ్లం.

"సార్, ఆ మైకు మీదేనా?"

"దేవునిదమ్మా," అన్నాను.

"స్విచ్ ఎవరి దగ్గరున్నది?"

ఇలాంటప్పుడు నా నోరు నా మాట వినదు. ఆ ఆంప్లిఫయరు విదేశాల నుంచి వచ్చిన పాత మోడల్ అనీ, ఒకసారి మొదలైతే వాక్యం పూర్తయ్యేదాకా ఆగదనీ, మధ్యలో ఆపితే ఊరి ట్రాన్స్‌ఫార్మర్ పోతుందనీ చెప్పాను. ఆమె ఓపిగ్గా విని, షెడ్డులోకి పోయి, ప్లగ్గు పీకింది. ట్రాన్స్‌ఫార్మర్ ఉలకలేదు.

"నాకు మతం లేదు సార్. నిద్ర ఉన్నది. అదొక్కటన్న ఉంచండి."

షెడ్డులో చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్న అవ్వకు నవ్వాగలేదు. "మంచిగ చెప్పినవ్ బిడ్డ. నాకు గూడ నిద్ర లేదు ఈయనతోని. కూసో, ఛాయ్ తాగుదువు." కూర్చున్న మనిషి ముందు కాసిని చిక్కుడుకాయలు పోసింది. ఎవరు ఆమె ఎదుట కూర్చున్నా అంతే. కులం అడగదు, గోత్రం అడగదు, పని అందిస్తుంది. కోపంగా వచ్చిన మేడం ఛాయ్ తాగి, చిక్కుడుకాయలన్నీ ఒలిచి, చల్లబడి వెళ్లింది. ఆ రోజు నుంచి నేను మైకు ఆపాను. సెలవు దొరికితే ఆమె అవ్వ కోసం షెడ్డుకు వచ్చి కూర్చోవడం మొదలుపెట్టింది. ఒకసారి స్టీలు డబ్బాలో కేకు చేసి తెచ్చింది. అవ్వ దాన్ని ఛాయ్‌లో ముంచుకుని తిని, రొట్టె కాస్త మాడిందని చెప్పింది.

ఇక్కడిదాకా అంతా బాగానే ఉంది. అప్పుడు మేము ఆమెను ఆహ్వానించాం.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఇది జాగ్రత్తగా చదవండి. ఒక ఆదివారం ఆమె తనంతట తానే, కంపెనీలో పనిచేసే ఇద్దరు స్నేహితుల్ని వెంటబెట్టుకుని చర్చికి వచ్చి, పావురాల బెంచీలో మూలకు కూర్చుంది. ఊరికే కూర్చుందామని వచ్చింది. మన పద్ధతి మీకు తెలుసు. కొత్తవాళ్లు కనబడితే మనకు ఒళ్లు నిలవదు. సంఘపెద్ద లేచి, "కొత్తగా వచ్చిన బిడ్డలు లేచి నిలబడాలె," అన్నాడు. నిలబడ్డారు. స్వాగతం పాట పాడాం, చరణాలన్నీ. ఆయన తోటలోవే బంతిపూల దండలు వేశాడు.

"ఇప్పుడు అమ్మ తన సాక్ష్యం చెప్తది."

"నేను... ఊరికెనే వచ్చిన సార్."

"ఊరికెనే ఎవ్వరు రారు తల్లి. దేవుడు పంపిండు. ఎట్ల పంపిండో చెప్పు."

ఆమె నా వైపు చూసింది. నిద్రలో ఉన్న మనిషి చెవిలో హారన్ పెట్టినప్పటి చూపు అది. నేను పాటల పుస్తకంలోకి తల దించాను.

అంతటితో ఆగినా బతికిపోయేవాళ్లం. కానీ కొత్తగా వచ్చినవాళ్ల ఇంటికి ఆ సాయంత్రమే పోయి ప్రార్థన చేసి రావడం మా ఊరి ఆనవాయితీ. స్త్రీల సమాజం మొత్తం కదిలింది, చిడతలు, కంజీరతో సహా. వెంచర్ గేటు దగ్గర వాచ్‌మన్ ఆపాడు. లోపలివాళ్లు ఫోన్లో సరే అంటేనే గేటు తెరుచుకుంటుందట. వాడు ఫోన్ చేసి, మాకు వినబడేటట్టే అడిగాడు.

"మేడం, దేవుని మనుషులు ఒక ట్రాక్టర్ లోడంత మంది వచ్చిన్రు. పంపియ్యాల్నా?"

అవతల ఏమన్నదో గాని వాడు మమ్మల్ని జాలిగా చూసి, "అన్నా, మేడం లేదన్నది," అన్నాడు.

"నువ్వు ఆమెతోనే గద మాట్లాడింది?" అన్నాడు సంఘపెద్ద.

"అవునన్నా. ఆమెనే చెప్పింది, లేదని."

వచ్చిన కాళ్లు ఊరికే పోవు కదా. గేటు దగ్గరే నిలబడి, కంజీర కొట్టి, రెండు పాటలు పాడి, వెంచర్ మొత్తం కోసం ప్రార్థించి వచ్చాం. కార్లు రెండు వైపులా ఆగిపోయి హారన్లు కొట్టాయి. తోడుగా వాయిస్తున్నారని సంఘపెద్ద అన్నాడు.

ఆ తర్వాత ఆమె చర్చికి రాలేదు, షెడ్డుకూ రాలేదు. పంటల పండుగ దగ్గరపడింది. చేరిన కుటుంబాలు ఏమీ లేవు. సూపరింటెండెంట్ అయ్యగారు పండుగకు వస్తున్నానని కబురు పెట్టారు. ఎందుకు వస్తున్నారో మా అందరికీ తెలుసు.

అవ్వ మాత్రం నన్ను గాని, సంఘపెద్దను గాని అడగలేదు. ఆమె దృష్టిలో అప్పటికి మిగిలిన సమస్య ఒక్కటే, ఆ స్టీలు డబ్బా. ఒకరింటి డబ్బాను ఖాళీగా తిరిగి ఇవ్వకూడదు, ఎక్కువ రోజులు ఉంచుకోనూ కూడదు. అందుకని దాన్ని చిక్కుడుకాయలతో నింపి, మోకాళ్లు పట్టుకుని, మధ్యలో రెండుచోట్ల కూర్చుని, గేటు దాకా నడిచిందట. వాచ్‌మన్ ఏం పని అని అడిగాడట. "డబ్బా ఇయ్యాలె" అన్నదట. వాడు దాన్ని డెలివరీ కింద రాసుకుని లోపలికి పంపాడు. దేవుని పేరు మీద తెరుచుకోని గేటు చిక్కుడుకాయల పేరు మీద తెరుచుకుంది.

లోపల అవ్వ ప్రార్థన చేయలేదు. డబ్బా ఇచ్చింది, నీళ్లు తాగింది, పోయేముందు ఒక్క మాట అన్నది. "పండుగకు ఉల్లిగడ్డలు కొయ్యనీకి మనుషులు తక్కువున్నరు బిడ్డ. నాకు కండ్లు గూడ సక్కగ కనబడ్తలేవు." ఇదంతా అవ్వ తర్వాత చెబితే తెలిసింది. ఆమె కళ్లు ఎలాంటివంటే, ఊరి చివర బస్సు మలుపు తిరిగితే నంబరు చెప్పగలదు.

పండుగ ముందు రోజు నా గొంతు పోయింది. మా దగ్గర పంటల పండుగంటే ఎవరి పొలంలోది వాళ్లు తెచ్చి బలిపీఠం ముందు పెట్టి, ఆరాధన అయ్యాక వేలం వేస్తారు. వేలం పాట నాదే. ఒక గుమ్మడికాయను గురించి నేను మొదలుపెడితే దాని వంశవృక్షం దాకా చెప్పేవాణ్ని. ఒకసారి ఒక సొరకాయ ఎంత పొడుగుందంటే, దాని మొదలు మొయినాబాద్ మండలంలో, కొస చేవెళ్ల మండలంలో ఉండి, ఏ పంచాయతీదో తేలక తగాదా వచ్చిందని పాడి కొనిపించాను. ఈసారి వేలంతోనే అయ్యగారి మనసు కరిగించాలని సాధన చేశాను. సాయంత్రానికి నోరు తెరిస్తే గాలి తప్ప ఏమీ రాలేదు.

పండుగ పొద్దున అవ్వ గంట కొట్టింది. ఆరాధన సంఘపెద్దే మొదలుపెట్టాడు. బెంచీలు చూశాను. ఎప్పుడూ వచ్చే ముసలమ్మలు కూడా లేరు. పావురాలు పూర్తి సంఖ్యలో ఉన్నాయి. సరిగ్గా అప్పుడే సూపరింటెండెంట్ అయ్యగారు తెల్లటి అంగీలో లోపలికి వచ్చి, బెంచీల వైపు చూసి, నా పక్కన కూర్చున్నారు.

"సంఘమేదయ్యా?"

నేను నోరు తెరిచాను, మూశాను. వంట దగ్గరున్నారేమోనని వెనక్కి చేయి చూపించాను. అందరూ పారిపోయారని చెబుతున్నాననుకున్నారేమో, తల పట్టుకున్నారు. ఇంతలో షెడ్డు వైపు నుంచి నవ్వులు వినబడ్డాయి. ఒకరిద్దరి నవ్వు కాదు. ఆయన లేచి వెనక తలుపు గుండా నడిచారు, వెనకాలే నేను.

షెడ్డు నిండా మనుషులు. మధ్యలో బగారన్నం గుండిగలు, చుట్టూ ఉల్లిగడ్డల కుప్పలు. వెంచర్ మేడం కత్తిపీట ముందు కూర్చుని ఉంది. ఆమెతో, ఫోన్ గ్రూపులో ఆమె పెట్టిన మెసేజి చూసి వచ్చిన వెంచర్ ఆడవాళ్లు, ఇద్దరు ముగ్గురు మగవాళ్లు, ఒకాయనైతే నిక్కరులోనే. వాళ్ల మధ్యలో మా ముసలమ్మలు. కబుర్లు రుచిగా ఉండేసరికి ఆరాధన సంగతి మరిచి అక్కడే ఉండిపోయారు. గంట కొట్టి వచ్చిన అవ్వ గడపలో నిలబడ్డ తెల్లంగీని కింది నుంచి పై దాకా చూసింది.

"గట్ల నిలబడి చూస్తవేంది బిడ్డ? కూసో. ఆ ఉల్లిగడ్డలు ఇటు అందుకో."

సంఘపెద్ద భార్య అవ్వ కొంగు లాగి చెవిలో చెప్పింది. "అవ్వా, సూపరింటెండెంట్ అయ్యగారు."

"అయితేంది, చేతుల్లేవా?"

ఆయన అంగీ చేతులు పైకి మడిచి, మేడం పక్కన పీట మీద కూర్చున్నారు. చాకు తీసుకున్నారు.

"పొట్టు అంత మందం తీయకండి సార్, వేస్ట్ అయితది," అంది ఆమె. పక్కనున్నది ఎవరో ఆమెకు ఇంకా అర్థం కాలేదు.

"ఏ సంఘం తల్లీ నీది?"

"ఏ సంఘం కాదు సార్. వెంచర్ల ఉంట."

"అంటే, హిందువులా?"

"అమ్మ హిందూ, నాన్న క్రిస్టియన్. కొట్లాటెందుకని ఇద్దరు గుడి, చర్చి రెండు బంద్ వెట్టిన్రు. నేను ఏం కాను."

"మరి ఇక్కడికెందుకొచ్చినవమ్మా?"

"అవ్వ ఉల్లిగడ్డలు కొయ్యమన్నది."

ఆయన తలెత్తి నా వైపు చూశారు. నాకు గొంతు ఉంటే ఆమెకు ఆ క్షణాన కలలో దర్శనం కలిగించి, కుటుంబమంతటినీ చర్చిలో చేర్పించి ఉండేవాణ్ని. గొంతు లేదు కనుక నిజం దానంతటదే అక్కడ కూర్చుని ఉంది.

చాకు ఆపి ఆయనే అన్నారు. "నేను ఇయ్యాల ఈ చర్చికి తాళమెయ్యనీకి వచ్చిన తల్లీ. కొత్త తాళం కార్ల ఉన్నది."

అవ్వ కింద కూర్చుండిపోయింది.

"ఓ, అవ్వ చెప్పిన సార్ మీరేనా," అంది మేడం. మోచేత్తో కళ్లు తుడుచుకుంది. "వెయ్యకండి సార్. నేను నమ్ముతనని అబద్ధం చెప్ప. నా పేరు మీ రిజిస్టర్ల రాసుకోకండి. కానీ నేను వెంచర్లకొచ్చి ఇన్ని రోజులైనా, పక్కింటాయన పేరు ఇయ్యాల ఇక్కడ ఉల్లిగడ్డలు కోస్తుంటే తెలిసింది." నిక్కరు వేసుకున్నాయన తలూపాడు. "ఈ ఊర్లె నేను తలుపు కొట్టకుండ పోగలిగేది ఈ షెడ్డు ఒక్కటే. దీన్ని గూడ బంద్ జేస్తే ఎట్ల సార్?"

అయ్యగారు ఇంకో ఉల్లిగడ్డ తీసుకున్నారు. దాన్ని చాలాసేపు కోశారు.

"నమ్మినోళ్లు నా దగ్గరికి శానమంది వచ్చిన్రు," అన్నారు చివరికి. "పాస్టర్ను మార్చుమని వచ్చిన్రు, పెద్దను మార్చుమని వచ్చిన్రు. చర్చి తెరిచి ఉంచుమని నమ్మనోళ్లు అడుగుడు ఇదే మొదలు." ఆయన కళ్ల నుంచి నీళ్లు కారుతున్నాయి. షెడ్డులో అందరి కళ్లూ అలాగే ఉన్నాయి కనుక ఎవరికీ మొహమాటం లేకపోయింది. "అవ్వా, ఇంకొకసారి గంట కొట్టు. లోపట ఎవ్వరు లేరు, అందరం పోదాం."

అవ్వ ఎంత వేగంగా లేచిందంటే, మోకాళ్లు వెనక్కి తిరిగి చూసుకుని ఉంటాయి. నేను అంతసేపూ ఊపిరి బిగబట్టుకునే ఉన్నానని అప్పుడు తెలిసింది. వదిలాను. చప్పుడు రాలేదు గాని, గొంతు పోయాక నేను చేసిన మొదటి మంచి ప్రసంగం అదేననుకుంటాను.

ఉల్లి వాసన చేతులతోనే అందరూ చర్చిలోకి వచ్చారు. పావురాలు లేచి దూలాల మీదికి పోయాయి. వెంచర్ వాళ్లు వెనక బెంచీల్లో సర్దుకున్నారు. అలవాటు ప్రకారం సంఘపెద్ద లేచి, గొంతు సవరించుకుని, "కొత్తగా వచ్చిన బిడ్డలు..." అని మొదలుపెట్టాడు. సూపరింటెండెంట్ అయ్యగారు ఆయన భుజం మీద చెయ్యి వేశారు.

"కూసోనియ్యి. ఉల్లిగడ్డలు కోసి అలిసిపోయిన్రు."

ఆ రోజు ఎవరూ లేచి నిలబడలేదు, ఎవరూ సాక్ష్యం చెప్పలేదు. వేలం పాట మేడం పొరుగాయన పాడాడు, నిక్కరులోనే. గుమ్మడికాయల సంగతి ఆయనకేమీ తెలియదు. అయినా జనం నా పాటకంటే ఎక్కువ నవ్వారు. అది నాకు కాస్త బాధే.

తర్వాత చర్చి నిండిపోయిందా అని అడుగుతారు మీరు. నిండలేదు. శనివారాలు షెడ్డు నిండింది. ఊరివాళ్లు కూరగాయలు తెస్తారు, వెంచర్‌వాళ్లు వచ్చి కొనుక్కుంటారు, కూర్చుంటారు, ఒకరి పిల్లల్ని ఒకరు చూసుకుంటారు. ఆదివారం కొందరు లోపలికి వస్తారు, కొందరు గడప దగ్గర ఆగుతారు. ఒకాయన పాటలన్నీ పాడతాడు, ప్రార్థనప్పుడు మాత్రం కళ్లు మూసుకోడు. ఎందుకని ఎవరూ అడగలేదు. మేడం పేరు ఇప్పటికీ రిజిస్టరులో లేదు. షెడ్డు సందడి విని పట్నం చర్చిలకు పోయే పడుచువాళ్లు కొందరు తిరిగి వచ్చారు. అవ్వ గంట కొడుతూనే ఉంది.

తాళం మాట మిగిలింది. భోజనాలయ్యాక అయ్యగారు కారులోంచి దాన్ని తెచ్చారు. కొత్తది, బరువైనది, కాగితం కూడా విప్పలేదు. "దీన్ని ఏం జెయ్యాలె ఇప్పుడు?" అన్నారు నవ్వుతూ.

"వేస్ట్ చెయ్యొద్దు సార్. దానికి సరిపోయే డబ్బా ఒకటి ఉన్నది," అంది మేడం.

నేను అడ్డం పడబోయాను. గొంతు రాలేదు. అందరూ కలిసి షెడ్డులోని ఆంప్లిఫయర్ పెట్టెకు ఆ తాళం వేశారు. తాళంచెవి ఆమె చేతిలో పెట్టారు. ఇప్పుడు ఆ చర్చికి ఏ పాస్టరు వచ్చినా, మైకు కావాలంటే ముందుగా మతం లేని మనిషి ఇంటికి పోయి అడగాలి. ఆమె టీ పోసి, ఎంతసేపు మాట్లాడతావని అడిగి, ఆ తర్వాతే చెవి ఇస్తుంది.